సున్నాలను కాపాడుకునే లెక్క: పెద్ద స్పార్స్ సమీకరణ వ్యవస్థలు, సమాంతర సాఫ్ట్‌వేర్

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, అధ్యాపకులకు, పరిశోధక విద్యార్థులకు నమస్కారం.

కట్టడాల బలం చూసేవారైనా, నేలలో నీటి ఊట లెక్కగట్టేవారైనా, వాతావరణ నమూనాలు నడిపేవారైనా, కంప్యూటర్ మీద గట్టి లెక్క చేయవలసి వచ్చినప్పుడు చివరికి అందరూ వచ్చి ఆగేది రేఖీయ సమీకరణాల దగ్గరే. పదో తరగతిలో రెండు చరరాశులతో నేర్చుకున్న ఆ లెక్కే అక్కడ లక్షల, కోట్ల చరరాశులతో ఎదురవుతుంది. ప్రోగ్రామ్ నడిచే సమయంలో అధిక భాగం చాలాసార్లు ఈ ఒక్క మెట్టులోనే ఖర్చవుతుంది. అయినా మన పాఠ్యక్రమాలలో దీనికి దక్కే చోటు చాలా తక్కువ. గాస్ తొలగింపు పద్ధతిని ఒక వారంలో చెప్పి ముందుకు సాగిపోతాము. ఆ పద్ధతి పెద్ద మాత్రిక మీద, వందల ప్రాసెసర్ల మీద ఏమవుతుందో విద్యార్థికి తెలియకుండానే పట్టా చేతికి వస్తుంది. ఆ లోటును కొంతైనా తీర్చాలన్నదే నా ఉద్దేశం.

మన విద్యుత్ గ్రిడ్‌నే తీసుకుందాము. 2013 డిసెంబర్ 31న రాయచూరు–షోలాపూర్ 765 కిలోవోల్టుల లైను ద్వారా దక్షిణాది గ్రిడ్ మిగతా దేశపు గ్రిడ్‌తో ఒకే ఫ్రీక్వెన్సీ మీద కలిసింది. అలా కలిసిన గ్రిడ్‌లో విద్యుత్ ప్రవాహాన్ని లెక్కగట్టాలంటే ప్రతి సబ్‌స్టేషన్ బస్‌బార్‌కూ, అంటే లైన్లు వచ్చి కలిసే లోహపు కడ్డీకి, సమీకరణాలు రాయాలి. అయితే ఏ బస్‌బార్ అయినా లైన్ల ద్వారా నేరుగా కలిసేది చుట్టుపక్కల ఉన్న కొద్దిపాటి బస్‌బార్లతోనే కాబట్టి, మాత్రికలో దాని అడ్డువరుసలో ఆ కొద్ది స్థానాలు తప్ప మిగిలినవన్నీ సున్నాలే. ఇలా సున్నాలతో నిండిన మాత్రికనే స్పార్స్ మాత్రిక అంటాము. భౌతిక ప్రపంచం నుంచి వచ్చే మాత్రికలు ఎక్కువగా ఇటువంటివే, ఎందుకంటే ఉష్ణమైనా, పీడనమైనా, ఒత్తిడైనా ఒక బిందువు నుంచి దాని పక్క బిందువుకే నేరుగా చేరుతుంది.

పరిమాణం ఎంతో ఒకసారి చూద్దాము. ఒక ఘనాన్ని ప్రతి దిశలోనూ 100 భాగాలు చేస్తే 10 లక్షల బిందువులు, అంటే 10 లక్షల చరరాశులు వస్తాయి. ఒక్కో బిందువు తనతోనూ, ఆరు పొరుగు బిందువులతోనూ మాత్రమే ముడిపడి ఉంటే అడ్డువరుసకు 7 శూన్యేతర విలువలు, మొత్తం మీద సుమారు 70 లక్షలు. విలువకు 8 బైట్లు, దాని స్థాన సంఖ్యకు 4 బైట్లు వేసుకున్నా 84 మెగాబైట్లలో ఇమిడిపోతుంది. అదే మాత్రికను సున్నాలతో సహా పూర్తిగా నిల్వ చేస్తే లక్ష కోట్ల స్థానాలు, అంటే 8 టెరాబైట్లు కావాలి. ఒకటి సెల్‌ఫోనులో కూడా పట్టే సమస్య, రెండవది చాలా సర్వర్ల మెమరీకి కూడా లొంగని సమస్య. ఈ రెంటికీ మధ్య ఉన్నవి సున్నాలు మాత్రమే. స్పార్స్ సాల్వర్ల, అంటే ఇటువంటి సమీకరణాలను పరిష్కరించే ప్రోగ్రాముల, చరిత్ర అంతా ఆ సున్నాలను ఎలా కాపాడుకోవాలన్న ఆలోచన చుట్టూనే తిరిగింది.

ఎందుకు కాపాడుకోవాలో 5 చరరాశుల చిన్న మాత్రికతో చూపిస్తాను. మొదటి చరరాశి మిగతా నాలుగింటితోనూ ముడిపడి ఉందనుకోండి. ఆ నాలుగింటికీ మాత్రం తమలో తమకు సంబంధం లేదు. వికర్ణం మీద 5, మొదటి అడ్డువరుసలో 4, మొదటి నిలువు వరుసలో 4, మొత్తం 13 శూన్యేతర విలువలు. ఇప్పుడు అలవాటు ప్రకారం మొదటి చరరాశినే ముందుగా తొలగించండి. దాని సమీకరణాన్ని తగిన గుణకంతో గుణించి మిగతా నాలుగు సమీకరణాల నుంచి తీసివేయగానే ఆ నాలుగింటిలోకీ మిగిలిన అన్ని చరరాశులూ వచ్చి చేరతాయి. ఒక్క మెట్టుకే సున్నాలన్నీ పోయి 25 స్థానాలూ నిండిపోయాయి. కొత్తగా పుట్టుకొచ్చిన ఈ విలువలనే ఫిల్-ఇన్ అంటారు. ఇప్పుడు క్రమం మార్చండి. ఆ నాలుగింటినీ ముందు తొలగించి, అన్నిటితో ముడిపడిన చరరాశిని చివరికి ఉంచండి. ఒక్క కొత్త విలువ కూడా పుట్టదు. సమీకరణాలు అవే, సమాధానమూ అదే. మారింది తొలగించే క్రమం ఒక్కటే. 5 చరరాశుల దగ్గర ఇది 13కూ 25కూ మధ్య తేడా. 10 లక్షల చరరాశుల దగ్గర ఇది 30 లక్షలకూ లక్ష కోట్లకూ మధ్య తేడా. ఒక మాత్రికను చూడగానే ముందు అడగవలసిన ప్రశ్న క్రమం గురించేనని నేను గట్టిగా నమ్ముతాను.

ఈ సంగతిని పట్టుకుని ఆచరణలో పెట్టినవారిలో విద్యుత్ ఇంజినీర్లు ముందున్నారు. అమెరికాలో పోర్ట్‌ల్యాండ్ నగరంలోని బోనవిల్ పవర్ అడ్మినిస్ట్రేషన్‌లో పనిచేసిన టిన్నీ, వాకర్‌తో కలిసి 1967లో ప్రచురించిన వ్యాసంలో, ప్రతి మెట్టులోనూ అప్పటికి అతి తక్కువ పొరుగువారున్న చరరాశిని ఎంచుకుని తొలగించే పద్ధతి ఉంది. దీని మూలం 1957లో మార్కోవిట్జ్ చేసిన ఆలోచనలో ఉంది. మినిమమ్ డిగ్రీ అనే ఈ పద్ధతి తరువాత ఎన్నో మెరుగులు దిద్దుకుని, 1996లో అమెస్టాయ్, డేవిస్, డఫ్ రూపొందించిన ఏఎమ్‌డీగా నేటికీ వాడుకలో ఉంది. అన్నిటికంటే తక్కువ ఫిల్-ఇన్ ఇచ్చే క్రమాన్ని కచ్చితంగా కనిపెట్టడం ఎన్‌పీ-కంప్లీట్ సమస్య, అంటే వేగంగా తేల్చే పద్ధతి ఎవరికీ తెలియని సమస్య, అని 1981లో యన్నకాకిస్ నిరూపించారు కనుక, మన చేతిలో ఉన్నవన్నీ మంచి ఊహలే. ఆ ఊహలు బాగా పనిచేస్తాయి కాబట్టే ఈ రంగం నిలబడింది.

సమాంతర గణనకు అసలైన దారి చూపింది మాత్రం 1973లో ఆలన్ జార్జ్ ప్రతిపాదించిన నెస్టెడ్ డిసెక్షన్ అని నా అభిప్రాయం. చదరపు గ్రిడ్ ఒకటి ఉందనుకోండి. దాని మధ్యగా ఒక నిలువు వరుస బిందువులను ఎంచుకోండి. దాన్ని సెపరేటర్ అంటాము. సెపరేటర్‌ను పక్కన పెడితే ఎడమవైపు బిందువులకూ కుడివైపు బిందువులకూ నేరుగా సంబంధం ఉండదు. అందువల్ల ఎడమవైపు భాగాన్ని ఒక ప్రాసెసర్, కుడివైపు భాగాన్ని మరొక ప్రాసెసర్ ఒకదాని కోసం ఒకటి ఎదురుచూడకుండా తొలగించుకోవచ్చు. సెపరేటర్‌లోని చరరాశులను అన్నిటికంటే చివర తొలగించాలి. ఎడమ భాగానికి మళ్ళీ ఒక సెపరేటర్, కుడి భాగానికి మరొకటి, ఆ ముక్కలకు మళ్ళీ సెపరేటర్లు, ఇలా చిన్న చిన్న ముక్కలయ్యేదాకా విభజిస్తూ పోతాము. ఫిల్-ఇన్‌ను తగ్గించడానికి పుట్టిన ఈ క్రమమే, ఏ పని దేని కోసం ఆగాలో చెప్పే ఒక చెట్టును కూడా ఇస్తుంది. దాన్నే ఎలిమినేషన్ ట్రీ అంటారు. ఆకుల దగ్గర వందల కొమ్మలు ఏకకాలంలో నడుస్తాయి, పైకి వెళ్ళేకొద్దీ కలుస్తాయి, వేరు దగ్గర ఒక్కటే మిగులుతుంది. ఈ చెట్టు విషయంలో వేరు పైన, ఆకులు కింద అని గుర్తుంచుకోండి.

చదరపు గ్రిడ్‌కు సెపరేటర్ చేత్తో గీయవచ్చు; విమానపు రెక్క మీద పరిచిన వంకర టింకర మెష్‌కు గీయలేము. అక్కడ గ్రాఫ్ విభజన సాఫ్ట్‌వేర్ అవసరం. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జార్జ్ కరిపిస్, విపిన్ కుమార్ రాసిన మెటిస్, ఫ్రాన్స్‌లోని బోర్డో నుంచి వచ్చిన స్కాచ్ ఈ పని చేస్తాయి. గ్రాఫ్‌ను దశలవారీగా కుదించి, కుదించిన చిన్న గ్రాఫ్‌ను విభజించి, ఆ విభజనను వెనక్కి విస్తరిస్తూ సరిదిద్దుకుంటూ రావడం వీటి పద్ధతి. మంచి సాల్వర్ వాడుతున్నామని చెప్పుకునే చాలామంది, తమకు దక్కిన వేగంలో ఎంత భాగం మెటిస్ పుణ్యమో గమనించరు. అందుకే ఆ మాట ఇక్కడ ప్రత్యేకంగా చెబుతున్నాను.

చెట్టు దొరికిన తరువాత దాని మీద లెక్క ఎలా నడపాలన్నది తరువాతి ప్రశ్న. స్వాన్సీలో బ్రూస్ ఐరన్స్ 1970లో కట్టడాన్ని చిన్న ముక్కలుగా విభజించి చేసే ఫైనైట్ ఎలిమెంట్ లెక్కల కోసం ఫ్రంటల్ పద్ధతిని ప్రచురించారు. మాత్రిక మొత్తాన్ని మెమరీలో ఉంచలేని ఆనాటి యంత్రాలలో, ఆ క్షణానికి లెక్కలో ఉన్న చిన్న భాగాన్ని మాత్రమే నిండు మాత్రికగా దగ్గర పెట్టుకునే పద్ధతి అది. 1983లో ఇయన్ డఫ్, జాన్ రీడ్ దాన్ని చెట్టుకు అన్వయించి మల్టీఫ్రంటల్ పద్ధతిగా మలిచారు. చెట్టులోని ప్రతి కణుపు దగ్గరా ఒక చిన్న నిండు మాత్రిక, అంటే ఫ్రంట్ ఉంటుంది. పిల్ల కణుపులు తమ తొలగింపు ముగించి, మిగిలిన భాగాన్ని తల్లి కణుపుకు పంపుతాయి. తల్లి వాటిని కూడి తన లెక్క చేసి పైకి పంపుతుంది. లెక్క అంతా నిండు మాత్రికల మీదే జరుగుతుంది కనుక ప్రాసెసర్లు బాగా ఇష్టపడే బ్లాస్ రొటీన్లు, అంటే నిండు మాత్రికల గుణకారం వంటి పనులకు సిద్ధంగా ఉన్న ప్రోగ్రాములు, పూర్తి వేగంతో నడుస్తాయి. స్పార్స్ సమస్యను నిండు మాత్రికల మాలగా మార్చిన ఈ ఆలోచన ఎంత గొప్పదో, నలభై ఏళ్ళ తరువాత కూడా దాని మీదే కట్టిన సాఫ్ట్‌వేర్ ముందు వరుసలో ఉండడమే చెబుతుంది.

అటువంటి సాఫ్ట్‌వేర్‌లో నేను దగ్గరగా చూసినది మంప్స్. 1996లో మొదలైన పారసోల్ అనే ఐరోపా ప్రాజెక్టులో ఇది పుట్టింది. తులూజ్, లియోన్ నగరాల పరిశోధకులు, ముఖ్యంగా అమెస్టాయ్, డఫ్, లెక్సెలాన్ దీన్ని నిర్మించారు. పని మూడు దశలు. మొదటిది విశ్లేషణ: క్రమం నిర్ణయించి, చెట్టు కట్టి, ఎంత మెమరీ కావాలో అంచనా వేస్తుంది. రెండవది కారణాంకాలుగా విడగొట్టడం, అంటే అసలు తొలగింపు. మూడవది కుడివైపు సదిశకు సమాధానం రాబట్టడం. మాత్రికలో సున్నాలున్న చోట్లు మారకుండా విలువలు మాత్రమే మారే సమస్యల్లో మొదటి దశను ఒకసారి చేస్తే చాలు. మాత్రిక అసలు మారకుండా కుడివైపు మాత్రమే మారితే మూడవ దశ ఒక్కటే మళ్ళీ మళ్ళీ నడపవచ్చు. ఈ వసతిని వాడుకోకుండా ప్రతి కాలమెట్టులోనూ మూడు దశలూ మొదటి నుంచి నడిపే ప్రోగ్రాములు మన విభాగాల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. ఒక్క ఆ సవరణతోనే గంటలు మిగులుతాయి.

ఇందులో సమాంతరత రెండు తీరులుగా ఉంటుంది. చెట్టు కింది భాగంలో వేర్వేరు కొమ్మలను వేర్వేరు ప్రాసెస్‌లు, అంటే ఏకకాలంలో నడిచే ప్రోగ్రామ్ ప్రతులు, పూర్తిగా తమ వద్దే ముగించుకుంటాయి. పైకి వచ్చేకొద్దీ కొమ్మలు తగ్గిపోతాయి, ఫ్రంట్లు మాత్రం పెద్దవవుతాయి. కనుక ఒక్కో ఫ్రంట్‌ను అడ్డువరుసల వారీగా అనేక ప్రాసెస్‌ల మధ్య పంచాలి. వేరు దగ్గరి ఫ్రంట్‌ను రెండు దిశల్లోనూ ముక్కలు చేసి, నిండు మాత్రికల సమాంతర సాఫ్ట్‌వేర్ అయిన స్కాలాప్యాక్‌కు అప్పగిస్తారు. ఈ పంపకాన్ని ముందే రాసి పెట్టి అలాగే నడపడం కుదరదు, దానికి కారణం పైవట్. తొలగింపులో దేనితో భాగిస్తామో ఆ సంఖ్యే పైవట్; అది మరీ చిన్నదైతే దోషం పెరిగిపోతుంది. అటువంటప్పుడు మంప్స్ ఆ చరరాశిని అక్కడ తొలగించకుండా తల్లి కణుపుకు వాయిదా వేస్తుంది. దానితో తల్లి ఫ్రంట్ అనుకున్నదానికంటే పెద్దదవుతుంది, విశ్లేషణ దశలో వేసిన మెమరీ అంచనా తప్పుతుంది.

మంప్స్ వాడినవారిలో చాలామందికి మైనస్ 9 అనే దోష సంఖ్య పరిచయమే. పని కోసం కేటాయించిన మెమరీ చాలలేదని దాని అర్థం. పద్నాలుగవ నియంత్రణ సంఖ్యను పెంచితే అంచనాకు పైన అదనంగా అంత శాతం కేటాయిస్తుంది, చాలాసార్లు లెక్క ముందుకు సాగుతుంది. కాని ఆ సంఖ్యను 20 నుంచి 50కీ, 50 నుంచి 100కీ పెంచుకుంటూ పోయే ముందు ఒక్క క్షణం ఆగి, ఇన్ని పైవట్లు ఎందుకు వాయిదా పడుతున్నాయని అడగాలి. మాత్రికలో కొన్ని సమీకరణాలు మీటర్లలో, కొన్ని మిల్లీమీటర్లలో ఉన్నాయా? సరిహద్దు నిబంధన ఒకటి రాయడం మరిచిపోయి మాత్రిక సింగ్యులర్, అంటే ఏకైక సమాధానం లేనిది, అయిందా? ఆ దోష సంఖ్య తరచుగా మెమరీ గురించి కాక మన నమూనా గురించే చెబుతుంది.

బర్క్‌లీలో షెర్రీ లీ, డెమ్మెల్ ప్రభృతులు సూపర్‌ఎల్‌యూ అనే మరో సాల్వర్ సమాంతర రూపానికి దీనికి భిన్నమైన దారి ఎంచుకున్నారు. వరుసలను ముందుగానే మార్చి పెద్ద విలువలను వికర్ణం మీదికి తెచ్చి, ఆ తరువాత పైవట్ల క్రమాన్ని అసలు మార్చకుండా లెక్క సాగిస్తారు. మరీ చిన్న పైవట్ ఎదురైతే దాని బదులు ఒక చిన్న సంఖ్యను వాడి, చివరలో సమాధానాన్ని దిద్దుకుంటారు. పంపకం ముందే స్థిరపడుతుంది కనుక వేల ప్రాసెస్‌ల మీద నడపడం తేలిక. కఠినమైన మాత్రికల దగ్గర వాయిదా పద్ధతే నాకు ఎక్కువ ధైర్యాన్నిస్తుంది. ఇది అనుభవం మీద ఏర్పడిన అభిప్రాయమే తప్ప సిద్ధాంతం కాదు.

ఇంత బాగా పనిచేసేటప్పుడు అన్ని సమస్యలకూ ఇదే వాడవచ్చు కదా అని అడగవచ్చు. రెండు కొలతలలోని గ్రిడ్‌కు వాడవచ్చు. 1000 బై 1000 గ్రిడ్‌లో 10 లక్షల చరరాశులుంటే, మొట్టమొదటి సెపరేటర్‌లో ఉండేవి 1000 మాత్రమే. దాని ఫ్రంట్ 8 మెగాబైట్లు, దాన్ని విడగొట్టడానికి సుమారు 33 కోట్ల గుణకారాలు. అదే 10 లక్షల చరరాశులు 100 బై 100 బై 100 ఘనంలో ఉంటే సెపరేటర్ ఒక పూర్తి తలం, అంటే 10,000 చరరాశులు. దాని ఫ్రంట్ 800 మెగాబైట్లు, సౌష్ఠవాన్ని వాడుకున్నా 400. గుణకారాలు 33 వేల కోట్లు. చరరాశులు సమానమే అయినా ఒక్క వేరు కణుపు దగ్గరి పనే వెయ్యి రెట్లు పెరిగింది. మూడు కొలతల గ్రిడ్‌ను ప్రతి దిశలోనూ రెండింతలు సన్నగా చేస్తే చరరాశులు 8 రెట్లు, కారణాంకాల మెమరీ 16 రెట్లు, లెక్క 64 రెట్లు అవుతాయి. 8 రెట్లు యంత్రాలు కొన్నా ఈ పరుగును అందుకోలేము. ఫ్రంట్లలో దూరపు బిందువుల మధ్య సంబంధం బలహీనంగా ఉంటుందన్న గుణాన్ని ఆధారం చేసుకుని ఆ ముక్కలను కుదించి నిల్వ చేసే పద్ధతులు ఇటీవలి మంప్స్‌లో ఉన్నాయి, అవి ఈ హద్దును చాలా దూరం జరిపాయి. అయినా మూడు కొలతల పెద్ద సమస్యలకు, ఇంతవరకు చూసిన తొలగింపు పద్ధతులను, అంటే ప్రత్యక్ష పద్ధతులను దాటి, చివరికి రెండవ కుటుంబం వైపు చూడవలసిందే.

ఆ కుటుంబం పునరావృత పద్ధతులది. ఇక్కడ మాత్రికను విడగొట్టము. ఒక ఊహతో మొదలుపెట్టి, మాత్రికతో సదిశను గుణించడం అనే ఒక్క పనిని పదే పదే చేస్తూ ఊహను దిద్దుకుంటాము. మాత్రిక చెక్కుచెదరదు, ఫిల్-ఇన్ ప్రసక్తే లేదు. సౌష్ఠవ పాజిటివ్ డెఫినిట్ మాత్రికలకు, అంటే వికర్ణానికి రెండు వైపులా ఒకేలా ఉండి ఐగెన్ విలువలన్నీ ధనాత్మకమైన వాటికి, 1952లో హెస్టెనెస్, స్టీఫెల్ ప్రచురించిన కాంజుగేట్ గ్రేడియెంట్ పద్ధతి నేటికీ మొదటి ఎంపిక. మొదట దాన్ని నిర్ణీత మెట్లలో ముగిసే పద్ధతిగా చూసి, సంఖ్యల గుండ్రింపు వల్ల అలా ముగియడం లేదని చాలాకాలం పక్కన పెట్టారు. పెద్ద స్పార్స్ మాత్రికలకు అది ఎంతో ముందుగానే తగినంత దగ్గరి సమాధానం ఇస్తుందని 1971లో చూపి దాన్ని తిరిగి వెలుగులోకి తెచ్చిన జాన్ రీడే, పన్నెండేళ్ళ తరువాత మల్టీఫ్రంటల్ పద్ధతికి సహరచయిత. రెండు కుటుంబాలకూ మేలు చేసినవారిగా ఆయన పేరును విద్యార్థులు గుర్తుపెట్టుకోవాలి. సౌష్ఠవం లేని మాత్రికలకు 1986 నాటి సాద్, షుల్ట్జ్‌ల జీఎమ్‌రెస్ వంటివి ఉన్నాయి.

కాంజుగేట్ గ్రేడియెంట్‌లో ఒక్క మెట్టును విప్పి చూద్దాము. అందులో మాత్రికతో సదిశ గుణకారం ఒకటి, రెండు సదిశల అంతర్లబ్ధాలు (అనుగుణ విలువలను గుణించి కూడడం) రెండు, సదిశలను కూడే పనులు మూడు. గుణకారంలో ప్రతి శూన్యేతర విలువకూ మెమరీ నుంచి 12 బైట్లు తెచ్చి చేసే పని ఒక గుణకారం, ఒక కూడిక. మెమరీ సెకనుకు 200 గిగాబైట్లు అందించే యంత్రంలో, ప్రాసెసర్ ఎంత వేగమైనదైనా, ఈ లెక్క సెకనుకు 33 వందల కోట్ల ఆపరేషన్లను దాటదు. ప్రాసెసర్ సామర్థ్యం అందులో ఎన్నో రెట్లు ఉండవచ్చు. అది ఖాళీగా కూర్చుని డేటా కోసం ఎదురుచూస్తుంది.

ఇక ప్రాసెస్‌ల మధ్య సంగతి. ఒక్కో ప్రాసెస్ దగ్గర 100 బై 100 బై 100 బిందువులుంటే, పొరుగు ప్రాసెస్‌లతో పంచుకోవలసిన ఉపరితల బిందువులు సుమారు 60,000, అంటే 6 శాతం. అదే సమస్యను 8 రెట్లు ప్రాసెస్‌లకు పంచితే ఒక్కొక్కరి దగ్గర 50 బై 50 బై 50 ఘనం మిగులుతుంది, ఉపరితలం 12 శాతమవుతుంది. పని ఎనిమిదో వంతుకు తగ్గింది, మాట్లాడుకోవలసినది మాత్రం నాలుగో వంతుకే తగ్గింది. అయినా ఈ సంభాషణ పొరుగువారితోనే కనుక భరించవచ్చు. అసలు చిక్కు అంతర్లబ్ధాల దగ్గర. ఒక్క సంఖ్య కోసం అన్ని ప్రాసెస్‌లూ తమ తమ భాగాలను కూడి పంపాలి, మొత్తం తేలేదాకా ఎవరూ ముందుకు కదలకూడదు. పెళ్ళి బంతిలో చివరి మనిషి భోజనం ముగిసేదాకా ఎవరూ లేవకుండా కూర్చున్నట్టే, పది వేల ప్రాసెస్‌లు ఆ ఒక్క ఆలస్యపు ప్రాసెస్ కోసం ఆగుతాయి, అదీ ప్రతి మెట్టులో రెండుసార్లు. ఆ రెండింటినీ ఒకటిగా కలిపి, ఫలితం వచ్చేలోపు గుణకారం చేసుకునేలా సూత్రాలను తిరగరాసిన పైప్‌లైన్ రూపాలున్నాయి. అవి కొంచెం ఎక్కువ లెక్క చేస్తాయి, కొంచెం కచ్చితత్వం వదులుకుంటాయి, అయినా పెద్ద యంత్రాల మీద ముందే గమ్యం చేరతాయి.

ఈ మాటలకు బహిరంగంగా లభించే సాక్ష్యం ఒకటుంది. సూపర్ కంప్యూటర్ల ప్రసిద్ధ జాబితాను నిండు మాత్రికల లెక్కతో తయారు చేస్తారు. ఆ లెక్కలో జపాన్‌లోని ఫుగాకు 2020లో 442 పెటాఫ్లాప్స్ (ఒక పెటాఫ్లాప్ అంటే సెకనుకు పది కోట్ల కోట్ల ఆపరేషన్లు) సాధించింది. స్పార్స్ మాత్రికతో, కాంజుగేట్ గ్రేడియెంట్‌తో కొలిచే హెచ్‌పీసీజీ అనే పరీక్షలో అదే యంత్రం సాధించినది 16 పెటాఫ్లాప్స్. 4 శాతం కూడా లేదు. అయినా అప్పట్లో ఆ పరీక్షలో ప్రపంచంలో మొదటి స్థానం దానిదే. మన రంగంలో పనిచేసేవారు యంత్రాన్ని ఎంచుకునేటప్పుడు మొదటి సంఖ్యను కాదు, రెండవదాన్ని చూడాలి. అంతకంటే ముందు మెమరీ వేగాన్ని చూడాలి.

పునరావృత పద్ధతి ఎన్ని మెట్లలో ముగుస్తుందన్నది మాత్రిక స్వభావాన్ని బట్టి ఉంటుంది. ఉష్ణ వ్యాప్తి వంటి సమీకరణాలలో గ్రిడ్‌ను ప్రతి దిశలోనూ రెండింతలు సన్నగా చేస్తే కాంజుగేట్ గ్రేడియెంట్ మెట్లు కూడా సుమారు రెండింతలవుతాయి. అందుకే ప్రీకండిషనర్ కావాలి, అంటే అసలు మాత్రికకు దగ్గరగా ఉంటూ సులువుగా పరిష్కరించగల మరొక మాత్రిక. ఈ రంగంలో అసలు నైపుణ్యమంతా ఇక్కడే ఉంది. 1977లో మైయెరింక్, వాన్ డెర్ వోర్స్ట్ ప్రాచుర్యంలోకి తెచ్చిన అసంపూర్ణ కారణాంకాల పద్ధతిలో తొలగింపు చేస్తూనే ఫిల్-ఇన్‌ను పారేస్తారు. ఒకే ప్రాసెసర్ మీద అది చక్కగా పనిచేస్తుంది. కాని అందులో ప్రతి వరుస తన ముందు వరుసల ఫలితాల కోసం ఆగాలి. సమాంతరంగా నడపడం కష్టం. వరుసలను రంగులుగా విభజించి ఆ ఎదురుచూపు తగ్గిస్తే, ప్రీకండిషనర్ బలహీనపడి మెట్లు పెరుగుతాయి.

ఈ ఇబ్బంది పెట్సీ అనే సాఫ్ట్‌వేర్ గ్రంథాలయాన్ని వాడేవారికి కళ్ళెదుటే కనిపిస్తుంది. అమెరికాలోని ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలో 1991లో మొదలైన ఈ గ్రంథాలయంలో ప్రోగ్రామ్ మార్చకుండా, నడిపేటప్పుడు ఇచ్చే ఆప్షన్లతోనే సాల్వర్‌ను, ప్రీకండిషనర్‌ను మార్చుకోవచ్చు. మంప్స్, సూపర్‌ఎల్‌యూ, హైపర్ వంటి ఇతర సాల్వర్ గ్రంథాలయాలను కూడా దీని ద్వారానే పిలవవచ్చు. ఏమీ చెప్పకపోతే ఒకే ప్రాసెస్ మీద అసంపూర్ణ కారణాంకాలను వాడుతుంది. అనేక ప్రాసెస్‌ల మీదైతే ప్రతి ప్రాసెస్ తన ముక్కకు మాత్రమే ఆ పని చేసుకుంటుంది, ముక్కల మధ్య సంబంధాలను పట్టించుకోదు. కాబట్టి అదే ప్రోగ్రామ్‌ను అదే మాత్రిక మీద 4 ప్రాసెస్‌లతో, 64 ప్రాసెస్‌లతో నడిపితే రెండవసారి ఎక్కువ మెట్లు పడతాయి. ప్రాసెస్‌ల సంఖ్యతో పాటు పద్ధతే మారిపోయింది. ఈ సంగతి తెలియని విద్యార్థి నెట్‌వర్క్ నెమ్మదిగా ఉందని అనుకుంటాడు. ప్రతి మెట్టులో మిగిలిన దోషాన్ని చూపే మానిటర్ ఆప్షన్‌ను పెట్టి రెండు అచ్చులనూ పక్కపక్కన చూస్తే, మెట్టుకు పట్టిన సమయం తగ్గిందనీ, మెట్లే పెరిగాయనీ వెంటనే తెలుస్తుంది.

మెట్లు పెరగకుండా చూసే మార్గం మల్టీగ్రిడ్. సన్నని గ్రిడ్ మీద త్వరగా తగ్గని దోషం ముతక గ్రిడ్ మీద త్వరగా తగ్గుతుందన్నది దాని మూలసూత్రం. గ్రిడ్ లేకుండా కేవలం మాత్రికను చూసి ముతక స్థాయిలను తయారుచేసుకునే ఆల్జీబ్రాయిక్ మల్టీగ్రిడ్‌ను 1987లో రూగ్, స్ట్యూబెన్ స్థిరపరిచారు. లివర్‌మోర్ ప్రయోగశాల నుంచి వచ్చిన హైపర్‌లోని బూమర్ఏఎమ్‌జీ దాని సమాంతర రూపం. నప్పిన సమస్యల మీద, చరరాశులు వెయ్యి రెట్లు పెరిగినా మెట్లు దాదాపు అలాగే ఉంటాయి. ఇక్కడా చెట్టు పైభాగపు ఇబ్బంది వంటిదే ఉంది: అతి ముతక స్థాయిలో కొద్ది వందల చరరాశులే ఉంటాయి, వేల ప్రాసెస్‌లకు పంచడానికి పని ఉండదు, అంతా సంభాషణే. అందుకే ఆ స్థాయి చేరేసరికి మాత్రికను కొద్ది ప్రాసెస్‌ల దగ్గరికి చేర్చి అక్కడ ప్రత్యక్ష పద్ధతిని వాడతారు. రెండు కుటుంబాలూ ఇలా ఒకే ప్రోగ్రాములో కలుస్తాయి. డొమైన్ డికంపోజిషన్ పద్ధతులలోనూ అంతే: లోపలి ముక్కలకు ప్రత్యక్ష సాల్వర్, ముక్కల సరిహద్దులకు పునరావృత పద్ధతి.

సమాధానం వచ్చిందని ప్రోగ్రామ్ చెప్పిన తరువాత చూసుకోవలసినవి రెండున్నాయి. శేషం, అంటే మన సమాధానాన్ని సమీకరణాల్లో పెడితే రెండు వైపులా మిగిలే తేడా, పదికోట్లవ వంతుకు తగ్గింది కనుక సమాధానం ఎనిమిది అంకెల దాకా సరైనదని అనుకోకూడదు. మాత్రిక కండిషన్ సంఖ్య, అంటే చిన్న తేడా సమాధానంలో ఎన్ని రెట్లు పెరగవచ్చో చెప్పే సంఖ్య, వెయ్యి కోట్లు ఉంటే, ఆ శేషం సమాధానంలోని దోషం గురించి ఏ హామీ ఇవ్వదు. ఇక ప్రాసెస్‌ల సంఖ్య మారితే చివరి అంకెలు మారడం సహజం, ఎందుకంటే కంప్యూటర్‌లో కూడిక క్రమాన్ని బట్టి గుండ్రింపు మారుతుంది. అయితే మొదటి మూడు, నాలుగు అంకెలే మారిపోతుంటే అది సహజం కాదు. మాత్రికనో, ప్రోగ్రామునో అనుమానించాలి.

పరిశోధన వ్యాసాల్లో వేగవృద్ధి రేఖలు గీసేవారికి నా విన్నపం. ఒకే ప్రాసెస్ మీద మీ సమాంతర ప్రోగ్రామ్ పట్టిన సమయంతో పోల్చి 60 రెట్ల వేగం అని రాయకండి. ఒకే ప్రాసెస్ మీద దొరికే అత్యుత్తమ సాల్వర్ సమయంతో పోల్చండి. మెట్ల సంఖ్య, మెట్టు సమయం, మెమరీ, విశ్లేషణ దశ సమయం వేర్వేరుగా ఇవ్వండి. అవి విడిగా లేకపోతే చదివేవారికి మీ పని ఉపయోగపడదు.

చివరగా, ఈ రోజు విన్నదాన్ని చేతితో చేసి చూడాలనుకునేవారికి. టిమ్ డేవిస్ నిర్వహణలో పెరిగిన సూట్‌స్పార్స్ మాత్రికల సేకరణలో నిజమైన సమస్యల నుంచి వచ్చిన వేల మాత్రికలు ఉచితంగా దొరుకుతాయి. ఒక విద్యుత్ గ్రిడ్ మాత్రికను, మూడు కొలతల కట్టడపు మాత్రికను ఒకదాన్ని దించుకోండి. ముందు లాప్‌టాప్ మీద క్రమం మార్చకుండా ఒకసారి, ఏఎమ్‌డీతో ఒకసారి, మెటిస్‌తో ఒకసారి విడగొట్టి, కారణాంకాల్లోని శూన్యేతర విలువలు లెక్కపెట్టండి. ఆ మూడు సంఖ్యలు పక్కపక్కన రాసుకున్న తరువాతే ప్రాసెస్‌ల సంఖ్య పెంచండి. హైదరాబాద్ ఐఐటీలో పరమ్ సేవ ఉంది, మరికొన్ని సంస్థల్లోనూ ఇటువంటి యంత్రాలున్నాయి. వాటి మీద సమయం కోరుతూ దరఖాస్తు రాసేటప్పుడు ఆ మూడు సంఖ్యలనూ అందులో పెట్టండి. ఇప్పుడు మీ ప్రశ్నలు వింటాను.